వొళ్లు మనది, మైదానం ఎవరిది?



పరుగెత్తడం కొందరికి సరదా, కొందరికి బతుకుతెరువు. మన పల్లెల్లో ఇప్పుడు ఈ రెండు రకాలవాళ్లూ వున్నారు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ వుద్యోగం చేసే మన పిల్లోడు ఆదివారం పొద్దున్నే పది కిలోమీటర్లు పరుగెత్తుతాడు. బూట్లకు వేలు పోస్తాడు. చేతికి కట్టిన గడియారం అతని గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్క చెబుతుంది. అదే పొద్దున అతని తమ్ముడు నాదెండ్ల నుంచి చిలకలూరిపేట పోయే రోడ్డు పక్కన పరుగెత్తుతుంటాడు. కానిస్టేబుల్ సెలక్షన్లో 1600 మీటర్లు టైములో దాటాలి. లారీ హారన్ కొడితే మట్టిలోకి దిగాలి. అన్న పరుగుని హాబీ అంటారు. తమ్ముడి పరుగుకి పేరే లేదు. ఇద్దర్నీ కన్న తల్లి వాళ్లకంటే ముందే లేచి, క్యారేజీ కట్టుకుని, ఆటోలో మిరపకాయల కోతకు పోయింది. ఆమె రోజంతా ఎన్ని అడుగులు వేసిందో ఏ గడియారమూ లెక్కపెట్టదు.

ఒకే ఇంట్లో మూడు వొళ్లు, మూడు రకాల చాకిరీ. ఈ సంగతి మనం మాట్లాడుకోవాలి. ఎందుకంటే ఆరోగ్యం, వ్యాయామం, ఆట అనేవి డబ్బున్నోళ్ల మాటలనీ, మన వుద్యమానికి వాటితో పని లేదనీ మనలోనే చాలామంది అనుకుంటున్నారు. అది తప్పని మేము చెప్పదల్చుకున్నాం.

మేమెవరం

మేము నాదెండ్ల చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పుట్టినవాళ్లం. మాలో కొందరం సంఘం పని చూసుకుంటూ ఇక్కడే వున్నాం. కొందరం ఇంజనీరింగ్ చదివి హైదరాబాదులో, బెంగుళూరులో కంప్యూటర్ల ముందు కూర్చుని బతుకుతున్నాం. పండక్కి వొచ్చినప్పుడు కలుసుకుంటాం. 2020లో కరోనా వొచ్చి ఆఫీసులు మూసేసినప్పుడు నెలల తరబడి అందరం వూళ్లోనే వున్నాం. పగలు పొలం పనికి పోయేవాళ్లూ, రాత్రి కంప్యూటర్లో అమెరికా పని చేసేవాళ్లూ ఒకే పంచన పడుకున్నాం. అప్పుడే ఈ చర్చ మా మధ్య మొదలైంది.

మాలో సాఫ్ట్‌వేర్ వాళ్లకి మెడ నొప్పి, నడుం నొప్పి. ముప్పై ఏళ్లు దాటకుండానే బీపీ మాత్రలు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ వుందని తేల్చింది. కూర్చుని చేసే పని మనిషిని ఎట్లా తింటుందో మేము మా వొళ్ల మీదే చూస్తున్నాం. అందుకని జిమ్ముకు పోతున్నాం, పరుగెత్తుతున్నాం, సైకిలు తొక్కుతున్నాం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. వొళ్లు బాగుంటేనే బుద్ధి బాగుంటుంది.

కానీ జిమ్ములో ఒక పని చేయిస్తారు. వీపుకి బరువు సంచీ కట్టుకుని నడవమంటారు. నడుం గట్టిపడుతుందంటారు. దానికి నెలకు ఇంతని డబ్బు కడతాం. మన నాయన కూడా వీపుకి బరువు కట్టుకునే నడిచాడు. 16 లీటర్ల మందు పంపు. అందులో వున్నవి నీళ్లు కావు, పురుగుమందు. మూత కారితే వీపు తడుస్తుంది. ఆ మందుల్లో చాలా రకాలు తోలు గుండానే వొంట్లోకి దిగి నరాల మీద దెబ్బ కొడతాయి. ఆయనకి నడుం గట్టిపడలేదు, వొంగిపోయింది. బరువు ఒకటే. ఒకరు డబ్బిచ్చి మోస్తారు, ఒకరు కూలికి మోస్తారు. తేడా బరువులో లేదు. ఎప్పుడు దించుకోవాలో చెప్పే హక్కు ఎవరి చేతిలో వుందో అక్కడుంది తేడా.

వొంటి మీద పెత్తనం

1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలవలకి నీళ్లొదిలారు. కుడి కాలవ కింద పల్నాడు, నరసరావుపేట, చిలకలూరిపేట పొలాలు మారిపోయాయి. నల్లరేగడిలో పత్తి వొచ్చింది, మిరప వొచ్చింది. నీళ్లతో పాటు మందుల కొట్లు వొచ్చాయి. భూమి వున్నోడి ఇంటికి మేడ వొచ్చింది. భూమి లేని మనకి పని రోజులు పెరిగాయి, దాంతో పాటు మందు వాసన కూడా ఇంట్లోకి వొచ్చింది. మిరపకాయలు కోసే ఆడోళ్ల చేతులు రాత్రంతా మండుతాయి. కోల్డ్ స్టోరేజీల్లో తొడిమెలు తీసేవాళ్లు పొద్దస్తమానం ఆ ఘాటులోనే కూర్చుంటారు. యార్డులో నలభై కిలోల పైన వుండే టిక్కీని భుజానికెత్తుకునే వాళ్లు యాభై ఏళ్లకే ముసలివాళ్లవుతారు. గుంటూరు మిర్చి ప్రపంచమంతా పోతుంది. దాన్ని మోసిన భుజం మాత్రం ఎవరికీ కనపడదు.

కష్టం ఒక్కటే అయితే వేరే పేదలకీ వుంది. మన వొంటి మీద ఇంకో పెత్తనం కూడా వుంది. వొళ్లు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వూరు చెబుతుంది. ఏ నీళ్లు తాకాలి, ఏ అరుగు మీద కూర్చోవాలి, ఏ వీధిలో సైకిలెక్కాలి అన్నది మొన్నమొన్నటిదాకా వాళ్ల ఇష్టం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మాదిగలు తాగే నీళ్లని మురికి చేయొద్దని అన్నందుకు, కొట్టడానికొస్తే మున్నంగి సువార్త బిందె ఎత్తినందుకు మొదలైన గొడవ అది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. అది సినిమా హాల్లో కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. 2014 ఏప్రిల్లో హైకోర్టు ఆ కేసులో శిక్ష పడ్డవాళ్లందర్నీ నిర్దోషులంది. కాలు తగలడం, బిందె ఎత్తడం. గొడవంతా మన వొళ్లు దాని హద్దు దాటిందనే. చదువుకున్న కుర్రోడు, కండ వున్న కుర్రోడు, తల ఎత్తి నడిచే కుర్రోడు వాళ్ల కంట్లో నలుసు.

మన కండ వాళ్లకు పనికిరాదని కాదు. వాళ్ల పనికైతే బాగా పనికొస్తుంది. పల్నాటి యుద్ధం కథలో మాల కన్నమదాసు కత్తి లేకపోతే బ్రహ్మనాయుడి సైన్యం లేదు. అందర్నీ ఒక పంక్తిన కూర్చోబెట్టాడని బ్రహ్మనాయుడి చాపకూడుని ఇప్పటికీ కారంపూడి వీరుల తిరునాళ్లలో పెడుతున్నారు. మంచిదే. కానీ ఏడాదికి ఒకనాటి పంక్తి కాదు మనకు కావాల్సింది. మిగతా 364 రోజులూ వూళ్లో నీళ్ల దగ్గర, గుడి దగ్గర, ఆట దగ్గర మన పంక్తి ఎక్కడ?

ఆటలోనూ ఇదే కథ. చర్మకారుల ఇంట్లో పుట్టిన పల్వంకర్ బాలూ పూనాలో దొరల క్లబ్బు మైదానం బాగుచేసే పనివాడు. అక్కడే బంతి వెయ్యడం నేర్చాడు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండు పోయి వందకు పైగా వికెట్లు తీశాడు. అంతటివాడికి హిందువుల క్లబ్బులో టీ ఎక్కడిచ్చేవారు? బయట, మట్టి ముంతలో. అతను వేసిన బంతి అందరూ పట్టుకోవొచ్చు, అతను తాగిన గ్లాసు మాత్రం పనికిరాదు! మన టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లకి ఈ కథ కొత్తేం కాదు.

కంప్యూటర్‌కి కులం లేదా?

మన పిల్లలు సాఫ్ట్‌వేర్లోకి పోతుంటే పెద్దోళ్లు ఒక మాట అనేవాళ్లు. 'కంప్యూటర్‌కి కులం తెలియదురా అబ్బాయ్, అక్కడ తెలివికే విలువ.' 1998 నవంబర్లో సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి వింటున్న మాట ఇది. కంప్యూటర్‌కి కులం తెలియదు, నిజమే. కంప్యూటర్ ముందు కూర్చున్నవాడికి తెలుసు.

ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ లేదు. సుఖదేవ్ థోరట్, పాల్ ఆటెవెల్ అనే ఇద్దరు పండితులు ఒకే చదువు, ఒకే అర్హత చూపించి వేర్వేరు కులాల పేర్లతో ప్రైవేటు వుద్యోగాలకి అర్జీలు పంపి చూశారు. ఫలితం 2007లో అచ్చయింది. అగ్రకులం పేరుతో పోల్చితే దళిత పేరుకి ఇంటర్వ్యూ పిలుపు వొచ్చే అవకాశం మూడింట రెండొంతులే. మనిషిని చూడలేదు, మాట వినలేదు. పేరు చూశారు, అంతే.

సముద్రాలు దాటినా ఇదే. 2020 జూన్లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కో కంపెనీ మీద కేసు పెట్టింది. ఒక దళిత ఇంజనీరుని మన దేశపు అగ్రకుల మేనేజర్లు కులం బయటపెట్టి అణగదొక్కారన్నది ఆరోపణ. కంపెనీ కాదంది. 2023 ఏప్రిల్లో ఇద్దరు మేనేజర్ల మీద కేసు ఎత్తేశారు, కంపెనీ మీద కేసు వుంచారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షని నిషేధించింది. కాలిఫోర్నియా చట్టసభ కూడా బిల్లు పాస్ చేస్తే అక్టోబర్లో గవర్నరు ఆపేశాడు. గెలుపోటములు అట్లా వుంచండి. 'అమెరికాలో కులం లేదు' అన్న బొంకు మాత్రం ఆగిపోయింది.

మా అనుభవం చెబుతాం. హైదరాబాదులో ఇల్లు అద్దెకు అడిగితే ఓనరు జీతం అడగడు. 'మీరేవిటోళ్లండీ?' అంటాడు. చెబితే మర్నాటికి ఇల్లు వేరేవాళ్లకి ఇచ్చేసి వుంటుంది. ఆఫీసులో లంచ్ బాక్సు తెరిస్తే కూర వంక చూస్తారు. ఇంటిపేరు అడిగి, వూరు అడిగి, వూళ్లో ఏ వీధో అడుగుతారు. జిమ్ములో, పరుగు గుంపుల్లో కూడా అంతే. మొదటి వారం అందరూ 'బ్రో'. రెండో వారం ఎవరి కులపోళ్లు వాళ్లు కలిసి టిఫినుకి పోతారు. అందుకే మనవాళ్లలో చాలామంది పేరు మార్చుకుంటున్నారు, ఇంటిపేరు మింగేస్తున్నారు, ఏప్రిల్ 14న ఫోన్లో అంబేద్కర్ బొమ్మ పెట్టడానికి భయపడుతున్నారు. వాళ్లని తిట్టడం తేలిక. భయపెట్టేవాళ్లని అడగడం కష్టం. మేము రెండోదే చేయమంటున్నాం.

గంటల లెక్క

2023 అక్టోబర్లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి కుర్రాళ్లు వారానికి 70 గంటలు పని చేయాలన్నారు. 2025 జూన్లో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచే సవరణకి సరేనంది. మొదటిది కంప్యూటర్ వాడికి, రెండోది మన చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లుల్లో, జిన్నింగు మిల్లుల్లో నిలబడి చేసేవాడికి. ఇద్దరి మెడ మీదా కాడి ఒకటే.

1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 54 గంటల పనిని 48 గంటలకు తగ్గించినప్పుడు కార్మిక శాఖ చూస్తున్నది ఎవరు? డాక్టర్ అంబేద్కర్. ఆయన్ని రాజ్యాంగం రాసినాయనగా మాత్రమే తల్చుకుంటున్నాం. మనిషికి పని తర్వాత మిగిలే గంట కోసం కొట్లాడినాయనగా కూడా తల్చుకోవాలి. పని తర్వాత గంట మిగలకపోతే చదువు లేదు, ఆట లేదు, సంఘం లేదు. 2025 జూలైలో దేశంలోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ 12 వేల మందికి పైగా తీసేస్తామని ప్రకటించింది. ఆ రోజు ఎవరి కండలూ, ఎవరి గడియారాలూ వాళ్ల వుద్యోగం కాపాడలేదు. సంఘం లేనివాడు ఏసీ గదిలో వున్నా కూలివాడే. మన సాఫ్ట్‌వేర్ పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చోటు ఇస్తే ఏమవుతుంది

'తిండికి లేనోళ్లకి గ్రౌండులెందుకు?' అని అడిగేవాళ్లు వున్నారు. మనలోనూ వున్నారు. వాళ్లకి జవాబు 2014 మే 25న దొరికింది. ఆ రోజు సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే ఇద్దరు పిల్లలు ఎవరెస్టు ఎక్కారు. మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా లంబాడా పిల్ల, వయసు 13 ఏళ్ల 11 నెలలు. సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా దళిత కుర్రోడు. కూలినాలి చేసుకునే ఇళ్ల పిల్లలు. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా వున్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ వాళ్లని నమ్మాడు. భువనగిరి గుట్ట మీద తర్ఫీదు మొదలుపెట్టి, డార్జిలింగు, లద్దాఖ్ పంపారు. వాళ్లకి కొత్తగా రెక్కలేం మొలవలేదు. చోటు ఇచ్చారు, తిండి పెట్టారు, నేర్పే మనిషిని ఇచ్చారు. ఆ మూడూ దొరికితే మన పిల్లలు ఎంత ఎత్తుకి పోతారో లోకం చూసింది.

ఇప్పుడు చోటు లెక్క చూడండి. 2023లో హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. ఎండ తగలకుండా పైన సోలార్ పలకల కప్పు. మాలో సైకిలు తొక్కేవాళ్లు దాని మీద పోయారు, బాగుంది. వొద్దని మేము అనం. నీడలో సైకిలు తొక్కే దారి ప్రభుత్వం వేయగలిగినప్పుడు, రోడ్డు మీద లారీల మధ్య పరుగెత్తే మన పిల్లలకి అరెకరం చదును నేల ఎందుకివ్వలేదని అడుగుతున్నాం.

మీ పల్లెలో మీరే లెక్క తీయండి. పిల్లలు ఆడుకునే చోటు వుందా? హైస్కూలు గ్రౌండు వుంటే సాయంత్రం గేటు ఎవరికి తెరుస్తున్నారు? వూరి కుర్రాళ్ల ఆట అయ్యాకే మనవాళ్ల ఆటా? మన ఆడపిల్లలు పరుగు ప్రాక్టీసు ఎక్కడ చేస్తున్నారు? వాళ్లకీ కానిస్టేబుల్ సెలక్షన్లో అదే 1600 మీటర్లు. తెల్లవారకముందే చీకట్లో రోడ్డు మీద పరుగెత్తాలంటే తల్లికి గుండె జారిపోతుంది. దాంతో సగంమంది పిల్లలు అర్జీ పెట్టకముందే ఆగిపోతున్నారు. దాన్ని ఆడపిల్లల బలహీనత అంటున్నారు. బలహీనత కాదది, చోటు లేకపోవడం.

ఏం చేద్దాం

ఒకటి. ప్రతి దళిత పల్లెకీ ఆటస్థలం అడగాలి. ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం 2013లో వొచ్చింది. 2023లో మన రాష్ట్రంలో ఇంకో పదేళ్లు పొడిగించారు. మన జనాభా ఎంతో అంత వాటా నిధులు మన మేలుకే ఖర్చుపెట్టాలని ఆ చట్టం చెబుతుంది. అంబేద్కర్ విగ్రహం చుట్టూ ఇనప కంచె వేయడానికి వొచ్చే నాయకుణ్ణి, ఆ పక్కనే చదును నేల, రెండు లైట్లు, పిల్లలకు ఒక కుళాయి వేయించమని అడగండి. విగ్రహం మన గౌరవం. దాని నీడలో ఆడుకునే పిల్లలు మన బలం. గ్రామసభలో నోటితో అడిగి వూరుకోకండి. అర్జీ రాసి, సంతకాలు పెట్టి, తీసుకున్నట్టు రసీదు పుచ్చుకోండి. రసీదు లేని అర్జీ గాలికి చెప్పిన మాటే.

రెండు. హైస్కూలు గ్రౌండు అందరిదీ. సాయంత్రం వేళ పల్లెకో రోజు, వూరికో రోజు అనే పద్ధతి ఒప్పుకోవొద్దు. పోతే కలిసి పోవాలి, కలిసి ఆడాలి. వాటా పంచితే అది రెండు గ్లాసుల పద్ధతే.

మూడు. మన సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఒక మాట. మీరు జిమ్ముకు కట్టే డబ్బులో పదో వంతు మీ పల్లెకి పంపండి. డబ్బు కంటే ముందు మనిషిగా రండి. పండక్కి వొచ్చి కొత్త బండి చూపించి పోవొద్దు. రెండు రోజులు కూర్చుని పిల్లలకి అర్జీ నింపడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం, కంప్యూటర్ తెరవడం నేర్పండి. పరుగు మీకు తెలుసు కాబట్టి టైము ఎట్లా తగ్గించుకోవాలో, మోకాలు చెడకుండా ఎట్లా పరుగెత్తాలో చెప్పండి. 1600 మీటర్లలో మీరు తగ్గించిన పది సెకన్లు ఒక ఇంటికి వుద్యోగం కావొచ్చు.

నాలుగు. మందు కొట్టే మన మనిషి వొంటిని కాపాడుకోవడం కూడా వ్యాయామం కిందే లెక్క. గాలికి ఎదురుగా కొట్టనని చెప్పాలి. కారే పంపు మోయనని చెప్పాలి. చేతి తొడుగులు, సబ్బు, కడుక్కోవడానికి నీళ్లు రైతే ఇవ్వాలని ముఠా మొత్తం ఒక మాట మీద నిలబడాలి. ఒక్కడు అడిగితే రేపటినుంచి పనికి రావొద్దంటారు. ముఠా అంతా అడిగితే తొడుగులు కొని తెస్తారు.

అంబేద్కర్ 1927లో మహద్ చెరువు నీళ్లు తాకినప్పుడు వేల గొంతుకలు దప్పికతో చచ్చిపోతూ లేవు. ఆ నీళ్లు తాగకుండానే అంతకాలం బతికారు. మేమూ మనుషులమని చెప్పడానికి తాగారు. అదే ఏడాది సమతా సైనిక్ దళ్ కట్టి, మన కుర్రాళ్లకి వరసలో నడవడం, క్రమశిక్షణగా నిలబడటం నేర్పించారు. చెరువు నీళ్ల మీద హక్కు అడిగినాయన, ఆ హక్కు నిలబెట్టుకునే వొళ్లు కూడా కావాలన్నాడు. మనం చదువు అడిగాం, వుద్యోగం అడిగాం, భూమి అడుగుతూనే వున్నాం. ఇప్పుడు ఆడుకునే నేల కూడా అడుగుదాం. అర్జీ మీద మొదటి సంతకం రోడ్డు పక్కన పరుగెత్తే పిల్లలతోనే పెట్టించండి.

జై భీమ్.